మూడు ఖాళీ గళ్లు

మా చెల్లెలి కూతురు మాధవి ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఆదివారం భోజనానికి రా, నీతో మాట్లాడాలి" అన్నప్పుడే ఆ పూట అన్నం సహించదని నాకు అర్థమైంది. మా వాళ్లు మంచి కబురైతే ఫోన్‌లోనే చెప్పేస్తారు. చెడ్డదైతేనే పప్పూ అప్పడాలూ చేసి పిలుస్తారు. చిలకలగూడలో నేనుండే అపార్టుమెంటు నుంచి మారేడ్‌పల్లిలో వాళ్లింటికి ఆటోలో పావుగంట. నేను వెళ్లేసరికి మాధవి కూతురు ఆద్య సోఫాలో కూర్చుని, ముక్కూ నోరూ కప్పే మాస్కు పెట్టుకుని, నెబ్యులైజర్ మందు పీలుస్తూ బొమ్మల పుస్తకం చూస్తోంది. ఏడేళ్ల పిల్ల. మిషను గుర్రుమంటుంటే ఎడమచేత్తో మాస్కు పట్టుకుని కుడిచేత్తో పేజీ తిప్పడం దానికి అలవాటైపోయింది. నన్ను చూసి కళ్లతోనే నవ్వింది. దాని పక్కన మా చెల్లెలు శారద, మనవరాలి వీపు రాస్తూ, ఉబ్బసానికి పీల్చే తన పఫ్ఫర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. శారదకు అరవై దాటాయి. దాని పేరు తలుచుకుంటే నాకు ముఖం కంటే ముందు దాని ఊపిరి చప్పుడు గుర్తొస్తుంది.

భోజనాల దగ్గర మాధవి మొదలుపెట్టింది. "స్కిన్ టెస్ట్ చేయించాం పెద్దమ్మా. చేతిమీద వరసగా చుక్కలు పెట్టి గుచ్చారు. దుమ్ముకంటే పుప్పొడికే ఎక్కువ పొంగింది. వయ్యారిభామ గడ్డికైతే రూపాయి బిళ్లంత. డాక్టర్ గారు ఇమ్యునోథెరపీ చేద్దామంటున్నారు. ఏదైతే పడదో దాన్నే చాలా తక్కువతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుతూ ఇంజెక్షన్ ఇస్తారట. కొన్నాళ్లు వారం వారం, తర్వాత నెలకోసారి, మొత్తం మూడేళ్ల పైమాటే. పూర్తిగా పోతుందని గ్యారంటీ లేదు కానీ చాలామంది పిల్లలకు బాగా తగ్గుతుందన్నారు." శారద కలుపుతున్న ముద్ద ఆపేసింది. "ఆ సూది ఈ ఇంట్లోకి రాదు. నేను దానివల్ల చచ్చి బతికాను. ఆ మందు మన రక్తానికే పడదు. కావాలంటే పెద్దమ్మనడుగు, పక్కనే ఉంది ఆరోజు" అంది. తల్లీ కూతుళ్లిద్దరూ నా వైపు చూశారు. మాధవి కళ్లలో ఆశ కనిపించింది. శారదకు నామీద ఉన్నది నమ్మకం. "ఆలోచిద్దాం" అన్నాను నేను, చారు గిన్నె ముందుకు లాక్కుని. ముప్పై ఏళ్లు బళ్లో పంతులమ్మగా ఉండి, నిజం చెప్పమని పిల్లల చెవులు మెలేసినదాన్ని. ఆరోజు మూడుసార్లు చారు పోసుకున్నాను.

ఎందుకు నోరు రాలేదో చెప్పాలంటే చిలకలగూడలో మా పాత ఇల్లు చెప్పాలి. మాది గోదావరి వైపు. నాన్న వ్యాపారం కోసం వచ్చి రెజిమెంటల్ బజార్‌లో తాళ్లూ, గోనెపట్టాలూ, టార్పాలిన్లూ అమ్మే కొట్టు పెట్టారు. ఇల్లు రైల్వేస్టేషన్‌కి దగ్గర, వరసగా మూడు వాటాలు. మధ్య వాటా మాది, ముందు వాటాలో ఇంటివాళ్లు. ఇంటావిడ అనసూయమ్మగారు. వెనకాల ఖాళీ జాగా, ఆపైన రైలు పట్టాలు. వానలు పడ్డాయంటే ఆ జాగా నిండా నడుమెత్తున వయ్యారిభామ లేచేది. చిన్న చిన్న తెల్లపూలు, దూరం నుంచి చూస్తే ముచ్చటగానే ఉండేవి. మేమిద్దరం ఆ పూలు దూసి బొమ్మల పెళ్లికి తలంబ్రాలుగా పోసేవాళ్లం. శారద వాటిని గుప్పిళ్లతో తెచ్చేది. తర్వాత ముక్కు నలుపుకుంటూ, తుమ్ముతూ, సాయంత్రానికి గోడకి వీపు ఆనించి భుజాలు పైకెత్తి ఊపిరి లాగేది. ఆ రెంటికీ సంబంధం ఉందని మాలో ఎవరికీ తోచలేదు. చల్లనీళ్లు తాగిందనీ, తలారబెట్టుకోలేదనీ, అరటిపండు తిన్నదనీ దాన్నే తిట్టేవాళ్లం.

అమ్మకి రోజూ ఇంటిపనిలో సగం శారద ఊపిరే. పొద్దున్నే కుంపటి మీద చిన్న ఇత్తడి గిన్నెలో కొబ్బరినూనె కాచి, కర్పూరం బిళ్ల వేసి, దాని గుండెకీ వీపుకీ రాసేది. తమలపాకు వెచ్చచేసి గుండెమీద పరిచేది. ఆ కర్పూరం, ఆ మాడిన ఆకు, మిరియాల పాలు కలిసిన వాసనే నాకు ఇల్లంటే. నాన్న కొట్టు నుంచి రాగానే పెరట్లో కుళాయి దగ్గరే చొక్కా విప్పి, తలమీంచి పోసుకుని, గోనెపీచు వాసన పోయేదాకా రుద్దుకుని, అప్పుడు గాని శారదను ఎత్తుకునేవారు కాదు. ఆయన గట్టి మనిషి, ఒట్టి చేతులతో తాడు తెంపేవారు. పిల్ల ఎగశ్వాస చూస్తే మాత్రం గుమ్మంలో నిలబడి పంచె అంచు నలిపేవారు. మృగశిర కార్తెలో చేపమందు సంగతి అనసూయమ్మగారు ప్రతి ఏడూ ఎత్తేవారు. "జెర నా మాట ఇను వదినె, గంతమంది పోతుండ్రు, ఊకెనే పోతరా?" అనేవారు. అమ్మ నవ్వి ఊరుకునేది. మా వాళ్లు చేప ముట్టరు.

కొట్టుకి వచ్చే ఒక పెద్దమనిషి చెబితే నాన్న శారదను ఊళ్లో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను, ఇంగ్లీషు చదవడం వచ్చినది నాకొక్కదానికే కాబట్టి. అప్పుడు నాకు పన్నెండేళ్లు, శారదకు ఏడు. ఆయన దాని చేతిమీద సూదులతో గీసి, పొంగిన దద్దుర్లను స్కేలుతో కొలిచి, "మీ వెనక జాగాలో గడ్డే దీని శత్రువు" అన్నారు. మందు చిన్న చిన్న సీసాల్లో ఇచ్చారు. వారానికో సూది, ప్రతి వారం మోతాదు కాస్త పెంచాలి. మందు చల్లగా ఉండాలి. సూది వేశాక అరగంట అక్కడే కూర్చోవాలి. గట్టి అట్ట కార్డు ఒకటి ఇచ్చారు. అందులో వారానికో గడి, గడి పక్కన ఆ వారం వేయాల్సిన మోతాదు. వేయించిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లు గడిలో టిక్కు పెట్టుకోవాలి. ఎక్కడ టిక్కు లేదో అక్కడి మోతాదు కాంపౌండరు వేస్తాడు. ఆయన ఆ కార్డు నాన్నకు కాకుండా నా చేతికిచ్చి, "ఈ ఇంటికి నువ్వే నర్సువి. వరసగా వారాలు తప్పితే పెంచకూడదు, వెనక్కి తగ్గించాలి, అప్పుడు నా దగ్గరికి రావాలి. గుర్తుంటుందా?" అన్నారు. ఉంటుందన్నాను. ఇప్పటికీ ఉంది.

అప్పట్లో మా వరసలో ఫ్రిజ్ అనసూయమ్మగారింట్లోనే ఉండేది. అందులో పై అరలో, వాళ్ల పాలగిన్నె పక్కన, మా మందుసీసాల డబ్బా. శనివారం మధ్యాహ్నం అమ్మ తడి చెయ్యి తుడుచుకుని వెళ్లి సీసా తెచ్చి, తడిగుడ్డ చుట్టి, మరచెంబులో పెట్టేది. ముగ్గురం నడిచి రెజిమెంటల్ బజార్‌లో నాన్న కొట్టు పక్క సందులో ఉన్న క్లినిక్‌కి వెళ్లేవాళ్లం. అక్కడ కాంపౌండరు బాలయ్య. "ఏం బిడ్డా, ఈ వారం ఎన్నిసార్లు దమ్మొచ్చింది?" అని అడిగి, జవాబు విని, కార్డు వెలుతురులో పెట్టి చూసి అప్పుడు సిరంజి తీసేవాడు. అరగంట బెంచీమీద కూర్చునేవాళ్లం. నాన్న కొట్టులోంచి వచ్చి ఇరానీ హోటల్ నుంచి రెండు బిస్కెట్లు తెచ్చి మా చేతుల్లో పెట్టేవారు. హోటల్ తిండి కాబట్టి అమ్మ మొహం అటు తిప్పుకునేది. ఇంటికొచ్చాక నాన్న జేబులో పెన్ను తీసుకుని నేను గడిలో టిక్కు పెట్టేదాన్ని. నా జీవితంలో నాకు దక్కిన మొదటి ఉద్యోగం అది. ఆ తర్వాత హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా అంత గొప్పగా అనిపించలేదు.

మందు పనిచేసింది. ఇది నేను గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో తర్వాత ఎవరూ చెప్పలేదు. ఆ ఏడు వానలు వచ్చాయి, వయ్యారిభామ పూసింది, శారద తుమ్మింది గాని గోడకి ఆనుకోలేదు. మారేడ్‌పల్లి నుంచి ఒక సంగీతం మాస్టారు అనసూయమ్మగారి కూతురికి పాఠం చెప్పడానికి వచ్చేవారు. శారద గుమ్మం పక్కన కూర్చుని విని, అమ్మ ముందు మొత్తం అప్పజెప్పేది. ఒకరోజు మాస్టారు దాని గొంతు విని, పల్లవి ఒక్క ఊపిరిలో పాడమన్నారు. పాడింది. అమ్మ వంటింట్లోంచి గరిట పట్టుకునే వచ్చి నిలబడిపోయింది. దానికి అంత పొడుగు ఊపిరి ఉందని మాకెవరికీ అప్పటిదాకా తెలీదు.

అలా ఉండగా గోదావరి వైపు మా ఊళ్లో నాన్న చిన్నతాత పోయారు. దాయాదుల మైల, పది రోజులు. నాన్న ఒక్కరూ రైలెక్కి వెళ్లారు. మేం ఇంట్లోనే మైల పట్టాం. శనివారం వచ్చింది. అనసూయమ్మగారింట్లో అప్పుడే కూతురి నిశ్చితార్థం పెట్టుకున్నారు. అమ్మ వాళ్ల గడప తొక్కలేదు. ఆవిడే మా గుమ్మం ముందుకొచ్చి, "ఏందమ్మా, నేనే సీసా తెచ్చిస్త, పిల్లను తోల్కపో. సూదికి మైలేందమ్మా?" అన్నారు. అమ్మ రెండడుగులు వెనక్కి జరిగి, "వద్దండీ. మైలలో ముట్టుకున్న సీసా మళ్లీ మీ ఫ్రిజ్‌లో, మీ పాలపక్కన ఎలా పెడతామండీ? శుభం పెట్టుకున్నారు. పదిరోజులేగా" అంది. ఆ మాటలో మొండితనం లేదు. పక్కవాళ్ల శుభకార్యానికి తన వల్ల కీడు రాకూడదనే ఆవిడ ఆరాటం. రెండు శనివారాలు అలా పోయాక నాన్న తిరిగొచ్చారు. మూడో శనివారం అమావాస్య. అమావాస్యనాడు పిల్ల ఒంట్లోంచి రక్తపు చుక్క రాకూడదని ఆ వారమూ వెళ్లలేదు. సూది ఆపేశామని అమ్మ ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఆవిడకు తెలిసిన లెక్క నోముల లెక్క. పదహారు సోమవారాల నోము మధ్యలో మైల వస్తే నోము చెడదు. ఆ రోజులు ఎంచరు. తర్వాత సోమవారం స్నానం చేసి, మామూలుగా దీపం పెట్టడమే. మందుకూ అంతే అనుకుంది. అమ్మకి ఆ రూలు తెలీదు. తెలిసినదాన్ని నేను.

కార్డులో మూడు గళ్లు ఖాళీగా ఉన్నాయి. రోజూ తీసి చూసుకునేదాన్ని. డాక్టరుగారు వచ్చే నెల కార్డు చూస్తారు, నన్ను చూస్తారు, ఈ ఇంటి నర్సు ఇలాంటిదా అనుకుంటారు. నాకు అదొక్కటే భయం. శారదకు ఏమైనా అవుతుందన్న భయం నాకు కలగలేదు, కలిగి ఉంటే ఇది రాయాల్సిన అవసరమే లేదు. నాలుగో శనివారం పొద్దున్న, అమ్మ తలకి నూనె రాసుకుంటుండగా, నాన్న పెన్ను తీసుకుని మూడు గళ్లలోనూ టిక్కులు పెట్టాను. సిరా ఒకేలా కనబడకూడదని మధ్య దాన్ని కాస్త ఒత్తి, చివరిదాన్ని కాస్త తేలిగ్గా పెట్టాను. పన్నెండేళ్లకే ఆ తెలివి ఉంది నాకు. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో నా దగ్గరికొచ్చిన దొంగ హాజరు ఒక్కటి కూడా తప్పించుకోలేదంటే, అందులో గొప్పేం లేదు. ఆ విద్య నాకు ముందే వచ్చు.

బాలయ్య కూడా అప్పుడే ఊరి నుంచి వచ్చాడు. కూతురి పెళ్లికని సిద్దిపేట వైపు వెళ్లి నెల్లాళ్లు ఉన్నాడు. అతని బదులు పనిచేసిన మనిషి వెళ్లిపోయాడు. "నేను లేనప్పుడు మంచిగనే ఏయించిండ్రు గదా అమ్మా? వారం గిట్ల తప్పలేదు గదా?" అని అడిగాడు. "తప్పలేదండీ" అంది అమ్మ, నోము సంగతి చెప్పినంత నమ్మకంగా. బాలయ్య కార్డు వెలుతురులో పెట్టి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు, ఎప్పుడూ చూస్తాడు కాబట్టి. నేను తలూపాను. నెల్లాళ్లుగా మందు తగలని ఒంటికి, మూడు మెట్లు పైనున్న మోతాదు వేశాడు.

బెంచీమీద కూర్చున్నాం. నాన్న ఇంకా బిస్కెట్లు తేలేదు. శారద అరచేతులు లంగాకి రాస్తూ, "అక్కా, చేతులు దురద" అంది. తర్వాత పెదవి పట్టుకుని, "ఇక్కడ మందంగా ఉంది" అంది. మెడమీద దద్దుర్లు లేచాయి. నేను చూస్తుండగానే ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. దాని గొంతు మారిపోయింది. ఏదో చెప్పబోయింది గాని మాట బదులు సన్నటి కూత వచ్చింది. బాలయ్య దాన్ని చేతుల్లో ఎత్తుకుని డాక్టరు గదిలోకి పరుగెత్తాడు. తలుపు వేశారు. అమ్మ తలుపుకి నుదురు ఆనించి నిలబడింది. నేను బెంచీమీద కార్డు గుండెకి అదుముకుని కూర్చున్నాను. అప్పుడైనా లేచి తలుపు తట్టి చెప్పొచ్చు. చెప్పలేదు. లోపల క్లినిక్ డాక్టరు అడ్రినలిన్ ఇచ్చి దాన్ని దక్కించారు. సాయంత్రానికి పిల్ల కళ్లు తెరిచి నీళ్లడిగింది. నాన్న బాలయ్య కాలరు పట్టుకున్నారు. "కార్డు చూసే ఏసిన సార్, మా బిడ్డ మీద ఒట్టు, చూసే ఏసిన" అని అతను ఏడ్చాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం.

రెండో రోజు నాన్న పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లి కేకలేశారు. ఆయన కార్డు తెమ్మన్నారట, చూస్తే ఎక్కడ తేడా జరిగిందో తెలుస్తుందనీ, మళ్లీ తక్కువ మోతాదుతో మొదలుపెట్టొచ్చనీ అన్నారట. నాన్న ఇంటికొచ్చి నన్నడిగారు. "ఆ గొడవలో ఎక్కడో పడిపోయింది నాన్నా" అన్నాను. అప్పటికే దాన్ని అమ్మ ట్రంకుపెట్టెలో దాచేశాను. తుప్పు అంటకుండా అడుగున నాన్న మైదా ముద్దతో అంటించిన అట్టకాగితం ఒక మూల లేచి ఉండేది, అందులోకి తోసేశాను. నాన్న అనసూయమ్మగారి ఫ్రిజ్‌లో ఉన్న సీసాలన్నీ తెచ్చి పెరట్లో బండకేసి పగలగొట్టారు. "ఆ మందు మన ఇంటికి పడదు" అన్నారు. అంతే, మా ఇంట్లో అది శాసనమైపోయింది. నాన్న పోయారు, అమ్మ పోయింది, ఆ మాట మాత్రం మిగిలింది. బాలయ్య చాలా ఏళ్లు బజార్లో కనిపించేవాడు. సైకిల్ దిగి, తల వంచుకుని, "చిన్నపాప మంచిగున్నదా బిడ్డా?" అని అడిగేవాడు. పిల్లలకు సూదులెయ్యడం మానేశాడని తర్వాత విన్నాను. బాగుందని చెప్పి నేను గబగబా నడిచి వెళ్లిపోయేదాన్ని.

శారద బాగాలేదు. వాన మొదలైతే బడి మానేసేది. పదో తరగతి రెండుసార్లు రాసింది. సంగీతం మాస్టారు ఇంకో ఏడాది ప్రయత్నించి, పల్లవి మధ్యలో ఊపిరి తెగిపోతుంటే చూడలేక, "పెద్దయ్యాక చూద్దాం తల్లీ" అని మానేశారు. పెద్దయ్యాక ఎవరూ చూడలేదు. పెళ్లిలో హోమం పొగకి పీటలమీంచి లేపి గాలికి కూర్చోబెట్టారు. కాన్పులో ఆయాసం, మొగుడు పోయినరోజున ఆయాసం. ఏడవడానికైనా ఊపిరి కావాలి కదా, దానికి అదీ సరిగా దక్కలేదు. ప్రతిసారీ పక్కన నేనున్నాను. వీపు రాశాను, ఆసుపత్రుల్లో కాపలా కాశాను, మంచి అక్కనని పేరు తెచ్చుకున్నాను. ఆ సూదులు సాగి ఉంటే దాని బతుకు వేరేగా ఉండేదా అంటే, ఎవరు చెప్పగలరు? అందరికీ ఒకేలా పనిచేయదంటారు. కానీ ఆ ఒక్క వానాకాలం నేను కళ్లారా చూశాను. ఆ పల్లవి చెవులారా విన్నాను.

ఆదివారం చారు తాగి వచ్చేశాక మూడు రోజులు నాతో నేనే పేచీ పడ్డాను. ఇప్పుడు చెప్పి ఏం లాభం, ముసలితనంలో దాని మనసు విరవడం తప్ప అనుకున్నాను. మాధవినే చాటుగా పిలిచి, నాన్న తొందరపడ్డారు, మందు మంచిదేనని చెబితే సరిపోతుందేమో అనుకున్నాను. మళ్లీ టిక్కు పెట్టే ఉపాయమే వెతుకుతున్నానని నాకే తెలిసింది. అవతల ఏడేళ్ల పిల్ల మాస్కు పెట్టుకుని పేజీలు తిప్పుతోంది. బుధవారం పొద్దున్న, మాధవి ఆఫీసుకీ ఆద్య బడికీ వెళ్లాక, శారద దగ్గరికి వెళ్లాను. అమ్మ ట్రంకుపెట్టె దాని గదిలోనే, మంచం కింద ఉంది. "అది తియ్యవే" అన్నాను. "ఎందుకక్కా, అమ్మ చీరేమైనా కావాలా?" అంటూ లాగింది. అందులో అది తన పట్టుచీరలు పెట్టుకుంటుంది. కలరా ఉండల వాసన. చీరలన్నీ మంచంమీద పేర్చాక, అడుగున అట్టకాగితం మూల గోటితో లేపాను. పురుగు కొట్టి కాగితం పొడి పొడిగా రాలింది. కార్డు మాత్రం అలాగే ఉంది, టిక్కుల నీలం గోధుమరంగుకి తిరిగింది.

నిలబడే చెప్పాను, కూర్చుంటే ధైర్యం చాలదని. మైల, అమావాస్య, నాన్న పెన్ను, బాలయ్యకు నేను తలూపడం, అన్నీ. శారద కళ్లజోడు పెట్టుకుని కార్డుని చాలాసేపు చూసింది. "అమ్మకి తెలుసా?" అని అడిగింది. "టిక్కుల సంగతి తెలీదు." "తగ్గించాలని నీకు తెలుసా?" "తెలుసు." శారద చీరలు ఒక్కొక్కటీ మడత సరిచేసి మళ్లీ పెట్టెలో పెట్టడం మొదలుపెట్టింది. "ఇన్నేళ్లూ దీనిమీద నా పెళ్లిచీర పెట్టుకున్నాను" అంది, పెట్టెతో చెబుతున్నట్టు. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. చెయ్యి అడ్డంపెట్టి, "నువ్వు వెళ్లక్కా. నాకు ఆయాసం వస్తోంది. నువ్వుంటే ఎక్కువవుతుంది" అంది. అరవై ఏళ్లలో దాని ఊపిరి ఆడనప్పుడు నన్ను బయటికి పంపడం అదే మొదటిసారి. మెట్లు దిగి కిందికొచ్చి, గేటు పక్కన నిలబడి, పైనుంచి పఫ్ఫర్ చప్పుడు వినిపిస్తుందేమోనని చాలాసేపు చూశాను. రోడ్డుమీద హారన్లు తప్ప ఏమీ వినిపించలేదు.

పదిరోజుల తర్వాత మాధవి ఫోన్ చేసింది. "అమ్మ ఒప్పుకుంది పెద్దమ్మా. ఏం చెప్పి ఒప్పించావు?" శారద దానికి ఏమీ చెప్పలేదన్నమాట. మొదటి సూదికి నన్నూ రమ్మంది మాధవి. ఇప్పటి క్లినిక్ చూస్తే మా బాలయ్య బెంచీ గుర్తొచ్చింది. నర్సు ముందు పిల్ల చేత ఒక గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచింది. జ్వరం ఉందా, పిల్లికూతలు ఉన్నాయా, మధ్యలో వేరే మందులేమైనా వేశారా అని వరసగా అడిగింది. ఏమైనా తేడా వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ పక్కనే ట్రేలో సిద్ధంగా ఉంది. సీసా వాళ్ల ఫ్రిజ్‌లోనే ఉంటుంది, ఎవరి మైలతోనూ దానికి పనిలేదు. కానీ ఇప్పటికీ అందులో ఒక్కటి మారలేదు. మధ్యలో వారాలు తప్పాయా లేదా అన్నది ఇంట్లోవాళ్లు నోరు తెరిచి చెప్పాల్సిందే. నర్సు కొత్త కార్డు రాసి, బల్లకి దగ్గరగా ఉన్నానని నా వైపు చాపింది. నేను చెయ్యి చాపేలోపు శారద లేచింది. "ఆమెకు వద్దమ్మా, నాకివ్వు" అంది. గొంతులో కోపం లేదు, మామూలుగానే అంది. అందుకే అంత లోతుగా దిగింది. అరగంట నలుగురం వరసగా కూర్చున్నాం. శారద ఆద్య అరచెయ్యి తన అరచేతిలో విప్పి పెట్టుకుని, గడియారం వైపు ఒకసారి, ఆ చేతి వైపు ఒకసారి చూస్తూనే ఉంది.

ఇప్పుడు వానలు పడుతున్నాయి. ఇది మొదటి ఏడాదే, ఆద్య ఇంకా తుమ్ముతోంది, నెబ్యులైజర్ ఇంకా బీరువా ఎక్కలేదు. శారద నాతో మాట్లాడుతోంది, కాయగూరల ధరలూ మోకాళ్ల నొప్పులూ వరకే. దాని వీపు రాయబోతే మెల్లగా పక్కకి జరుగుతుంది. నిన్న వెళ్తే తలుపు తీసి, నన్ను కూర్చోమనకుండా తిన్నగా వంటింట్లోకి నడిచింది. ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో ఆద్య కార్డు అంటించి ఉంది. వరసగా టిక్కులు. పోయిన వారం గడిలో టిక్కు లేదు. దాని బదులు గడి దాటి పక్కకి వచ్చేంత పెద్ద అక్షరాలతో, శారద వంకర రాతలో, "వేయలేదు. జ్వరం" అని ఉంది. "నర్సుకి వెళ్లగానే ఇదే చూపించాను. మోతాదు పెంచకుండా పాతదే వేసింది" అంది. నేను తలూపాను. అది నా మొహంలోకి చూసింది, ఆ బుధవారం తర్వాత మొదటిసారి.

"నాలుగక్షరాలు అక్కా. వే, య, లే, దు" అంది. "అంతే రాస్తే సరిపోయేది."

అవునన్నాను. అది పాలగిన్నె కోసం ఫ్రిజ్ తలుపు తెరిచింది. కార్డు నా కళ్లముందు నుంచి పక్కకి జరిగిపోయింది.